బూజా, శిలీంధ్రమా? సైన్స్ ఫెయిర్ చార్టు తెచ్చిన పంచాయితీ

నరసన్నపేట నుంచి:
అందరికీ నమస్కారం. హైస్కూల్లో సైన్స్ చెబుతాను. సైన్స్ ఫెయిర్‌కి మా పిల్లలు ఫంగస్‌తో వెండి నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న వెండి తునకలు, తయారుచేయడం మీద ఒక చార్టు చేశారు. ఫంగస్‌కి పుస్తకంలో మాట కదా అని ‘శిలీంధ్రాలు - నానో టెక్నాలజీ’ అని పేరు పెట్టించాను. చూసినవాళ్లలో ఇద్దరు ‘శిలలంటే టెక్కలి గ్రానైటా మాస్టారూ?’ అన్నారు. సరే, ‘బూజుతో వెండి’ అని మార్పించాను. ఈసారి ఒక పెద్దావిడ ‘సాలీడు బూజులోంచి వెండెలా వస్తాది బాబూ?’ అని అడిగింది. ఏ మాట రాయమంటారు?

పాలకొండ నుంచి:
బూజే రాయండి. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే వచ్చేదేమిటో ఎవర్నడిగినా బూజనే చెబుతారు. శిలీంధ్రం పరీక్షలో మార్కుకి తప్ప ఎందుకూ పనికిరాదు.

విజయనగరం నుంచి:
అంత మాటనకండి. రిటైరైన తెలుగు టీచర్ని, ఊరుకోలేను. మేఘదూతంలో కాళిదాసు ఉరుము విన్న నేలని ‘ఉచ్ఛిలీంధ్ర’ అన్నాడు. పుట్టగొడుగులు పైకి తన్నుకొచ్చిన నేల అని. మన ఊళ్లలో ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయంటారే, అదే. అంటే ఈ మాటకి మొదట కంటికి కనిపించే పుట్టగొడుగే అర్థం. సైన్సు పుస్తకాలవాళ్లు దాన్ని సాగదీసి బూజునీ, ఈస్టునీ కూడా అందులోకి తెచ్చారు. బూజుది ఇంకో ఇబ్బంది. అటు రొట్టె మీదిదీ అదే, ఇటు అటక మీద దులిపేదీ అదే. పుట్టగొడుగుని మాత్రం బూజనలేం.

ఆమదాలవలస నుంచి:
మాకు రెండూ వద్దండీ. పొలంలో అంతా తెగులే. అగ్గి తెగులు, మానిపండు తెగులు, ఎండు తెగులు. ఇక నానో అంటారా, నానో యూరియా సీసా తెచ్చిన రోజు మా అమ్మ ‘ఏటి, నానేసిన యూరియానా?’ అంది. ఇంతకీ ఆ వెండికి ఏ బూజు వాడతారు?

నరసన్నపేట నుంచి:
చార్టులో ఉన్నది ఫ్యూజేరియం ఆక్సీస్పోరం.

ఆమదాలవలస నుంచి:
అరటికి పనామా తెగులు తెచ్చేదా? దాంతో వెండా!

నరసన్నపేట నుంచి:
ఆ జాతేనండీ. అందులో ఒక రకం అరటిని ఎండబెడుతుంది, ఇంకోటి శనగని. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో దాన్ని పెంచి, వడకట్టి, కడిగి సిల్వర్ నైట్రేట్ నీళ్లలో వేశారు. ఓటేసినప్పుడు వేలికి పూసే సిరాలో ఉండేదే ఆ సిల్వర్ నైట్రేట్. బూజు వదిలే ప్రోటీన్లు నీళ్లలో కరిగి ఉన్న వెండిని మళ్లీ లోహంగా మారుస్తాయి. నీళ్లు మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతాయి. ఆ ప్రోటీన్లే పైన పూతలా పట్టుకుని వెండి ముద్దకట్టకుండా చూస్తాయి. ఒక్కో వెండి కణం 5 నుంచి 15 నానోమీటర్లు. మీటరులో 100 కోట్లవ వంతు ఒక నానోమీటరు. మా పిల్లలు బొమ్మలే గీశారు లెండి, బూజు జోలికి పోలేదు.

విజయనగరం నుంచి:
మీరు పెట్టిన చార్టు ఫోటో పెద్దది చేసి చూశాను. అసలు గొడవ బూజుతో కాదు మాస్టారూ. ‘2001లో వెర్టిసీలియం అనే శిలీంధ్రం కణం లోపల కణాలు ఏర్పడ్డాయి, 2003లో ఫ్యూజేరియం కణం బయట కణాలు ఏర్పడ్డాయి’ అని ఉంది. ఏ కణం లోపల ఏ కణం? జీవశాస్త్రంలో ప్రాణమున్న గది కణం, భౌతికశాస్త్రంలో ధూళి లాంటిదీ కణమే. ఒకే వాక్యంలో రెండూ పెడితే చదివేవాడి గతేమిటి?

నరసన్నపేట నుంచి:
అయ్యో! రాయించింది నేనే, గమనించలేదు. నిజానికి ఆ వాక్యంలోనే ఉంది విషయమంతా. లోపల ఏర్పడితే వెండి కోసం బూజుని చితక్కొట్టాలి. బయట ఏర్పడితే వడకడితే చాలు.

పాలకొండ నుంచి:
వెండికి ‘రేణువు’ పెట్టండి, కణాన్ని జీవానికి వదిలేయండి.

పొందూరు నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ వెండి బట్టకి పట్టిస్తారట కదా, మా ఖద్దరుకి పనికొస్తుందా?

నరసన్నపేట నుంచి:
ఖద్దరు సంగతి చెప్పలేను. నూలు బట్ట మీద బ్రెజిల్‌లో చేశారు, 2007లో. ఫ్యూజేరియంతో చేసిన వెండినే పట్టిస్తే చీము పుట్టించే స్టెఫిలోకోకస్ బాక్టీరియా చచ్చింది. గాయాల కట్టుకి ఉపయోగపడే గుణమది. కానీ ఉతికితే వెండి నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లని ఇంకో బాక్టీరియాతో శుభ్రం చేయాల్సొచ్చింది. చెరువు గట్టున ఉతుక్కునే మనం ఆ సంగతి ముందు చూసుకోవాలి.

పొందూరు నుంచి:
అయితే మాది మామూలుగానే ఉండనీండి.

నరసన్నపేట నుంచి:
చార్టు తిరగరాయించాను. పైన ‘రొట్టె మీది బూజు లాంటి శిలీంధ్రంతో వెండి రేణువులు’. కింద ‘శిలీంధ్ర కణం లోపల రేణువులు, కణం బయట రేణువులు’.

ఆమదాలవలస నుంచి:
రేణువంటే ఇసక రేణువనుకోరా?

నరసన్నపేట నుంచి:
అనుకోనీండి, చిన్నదనైనా తెలుస్తుంది. పక్కన వెంట్రుక బొమ్మ వేయించి, దాని మందం సుమారు 80 వేల నానోమీటర్లని రాయించాను.