థెరపీయే చెయ్యాలనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ చాలదా, సై.డి. కావాల్సిందేనా?

మొదటి పోస్ట్:
సైకాలజీలో డిగ్రీ అయిపోయింది, అమెరికాలో థెరపిస్ట్‌గా సొంత ప్రాక్టీస్ పెట్టుకోవాలని ఉంది. ఇంట్లో వాళ్ళు పేరు ముందు డాక్టర్ ఉండాల్సిందే అంటున్నారు. సై.డి. (థెరపీ ప్రాక్టీస్ కోసం చేసే సైకాలజీ డాక్టరేట్) అంటే అయిదారేళ్ళు, పైగా అప్పు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) రెండేళ్ళే. ఏం చెయ్యమంటారు?

రిప్లై:
రోజంతా క్లయింట్లతో కూర్చోవడమే మీక్కావాల్సిందైతే ఎంఎస్‌డబ్ల్యూ చేసెయ్యండి, నేనూ అదే చేశాను. చదువుతుండగానే కనీసం 900 గంటలు ఫీల్డ్‌లో పని చేయిస్తారు, తర్వాత సూపర్‌విజన్ కింద రెండు మూడేళ్ళు చేస్తే క్లినికల్ లైసెన్స్, అప్పుడు సొంత ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు, ఈలోగా జీతం వస్తూనే ఉంటుంది. డాక్టర్ అన్న పేరు చూసి మనిషి నయమవడండి. 1979లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో స్ట్రప్, హ్యాడ్లీ అనే పరిశోధకులు కొంతమంది కాలేజీ కుర్రాళ్ళని అనుభవమున్న థెరపిస్టుల దగ్గరికి, కొంతమందిని థెరపీ ట్రైనింగే లేని ప్రొఫెసర్ల దగ్గరికి పంపితే సగటున రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా మెరుగుపడ్డాయి.

ఇంకొకరు:
ఆ ప్రొఫెసర్లని విద్యార్థులతో బాగా కలిసిపోతారని పేరున్నవాళ్ళని చూసి ఎంచుకున్నారండీ, ఆ కుర్రాళ్ళవీ మరీ తీవ్రమైన జబ్బులు కావు. సైకోసిస్‌లో (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితిలో) ఉన్నవాళ్ళు, ఆత్మహత్య ఆలోచనలతో వచ్చేవాళ్ళు ఎదురుగా కూర్చున్నప్పుడు మంచి మనసొక్కటే సరిపోదు. ఎంఎస్‌డబ్ల్యూ సిలబస్‌లో సంక్షేమ పాలసీలు, కమ్యూనిటీ వర్క్ పోగా థెరపీకి మిగిలేది ఎంత? సై.డి. ప్రోగ్రాములు పెరిగిందే ప్రాక్టీస్ కోసం, 1973లో కొలరాడోలోని వేల్‌లో జరిగిన సైకాలజిస్టుల సమావేశంలో ఒప్పుకున్నదీ అదే.

మళ్ళీ మొదటి రిప్లై ఇచ్చినవారు:
సిలబస్ గురించి మీరన్నది నిజమే, నాకూ థెరపీ నిజంగా వచ్చింది డిగ్రీ అయ్యాకే, ప్రతివారం సూపర్‌వైజర్ ముందు నా కేసులు విప్పి పెట్టుకుని తిట్లు తిన్నాకే. అందుకే అంటున్నా, అప్పు చేసే డబ్బు ఉంటే మంచి సూపర్‌విజన్ మీద, ట్రామా, డిబిటి (తీవ్రమైన భావోద్వేగాలని అదుపులో పెట్టుకోవడం నేర్పే థెరపీ) లాంటి ట్రైనింగుల మీద పెట్టండి. ఒక్క సంగతి మాత్రం ముందే తేల్చుకోండి: సైకలాజికల్ టెస్టింగ్ (ఐక్యూ, వ్యక్తిత్వ పరీక్షల్లాంటివి) చెయ్యాలని ఉంటే ఎంఎస్‌డబ్ల్యూ పనికిరాదు. అప్పుడు కూడా నేరుగా సై.డి.కి వెళ్ళకుండా పిహెచ్‌డి చూడండి, సీట్లు తక్కువే, రీసెర్చ్ చెయ్యక తప్పదు, కానీ చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌డబ్ల్యూకే అయితే అప్లై చేసేముందు ఆ కాలేజీకి ఫోన్ చేసి రెండో ఏడాది ఫీల్డ్ ప్లేస్‌మెంట్ థెరపీ చేసే క్లినిక్‌లోనే ఇస్తారా అని అడగండి.