మధురవాడ స్టేడియం నుంచి రాత్రిపూట గాజువాకకు ఎలా రావాలి?

డిసెంబర్ 23న విశాఖ మధురవాడలోని ఏసీఏ-వీడీసీఏ స్టేడియంలో భారత్, శ్రీలంక మహిళల రెండో టీ20కి అమ్మను, మా పాపను తీసుకెళ్తున్నాను. ఆట రాత్రి 7కు మొదలు, అయ్యేసరికి పదిన్నర అవుతుంది. మిగతా మూడు మ్యాచ్‌లూ తిరువనంతపురంలోనే, కాబట్టి స్మృతి మంధానను చూడాలంటే పాపకు ఇదే అవకాశం. మధ్యలో లేచి రాలేం.

వెళ్లడానికి ఇబ్బంది లేదు, తిరిగి రావడమే టెన్షన్. ఆఖరి బస్సు టైం అడిగితే బస్టాండులో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. క్యాబ్ యాప్ ఆ టైంకి ముందస్తు బుకింగ్ తీసుకోవట్లేదు. తెలిసిన ఆటో అతను, మ్యాచ్ వదిలాక హైవే మీద బండి ఆపనివ్వరని రానన్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అర కిలోమీటరు మించి నడవడం కష్టం.

అక్కడ రాత్రి మ్యాచ్ చూసి ఇటువైపు వచ్చినవాళ్లు చెప్పండి: పదిన్నర తర్వాత గాజువాకకు బస్సో ఆటోనో దొరకాలంటే ఎక్కడ నిలబడాలి?