స్కీమా (పట్టికల నిర్మాణం) మార్పు మధ్యలో ఆగితే మొత్తం వెనక్కి వచ్చే డేటాబేస్ ఏది?

ప్రశ్న (చిత్తూరు):
అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా చీటీల సాఫ్ట్‌వేర్ నేను చూస్తున్నాను. తోతాపురి కోతల రోజుల్లో రాత్రిపూట కూడా ట్రాక్టర్లు వరుస కట్టి ఉంటాయి. మొన్న చీటీల పట్టికలో తరుగు శాతానికి ఒక కాలమ్ చేర్చి, రైతుల ఖాతాలకు వేరే పట్టిక పెట్టే స్క్రిప్టు నడిపితే, మూడో ఆదేశంలో నేను పేరు తప్పు రాసినందున అది అక్కడే ఆగిపోయింది. రోల్‌బ్యాక్ (మార్పులను వెనక్కి తీసే ఆదేశం) ఇచ్చినా మొదటి రెండు మార్పులు అలాగే ఉన్నాయి. వాడుతున్న డేటాబేస్ మైఎస్క్యూఎల్ 8.0. వేరేదానికి మారడం మంచిదా?

సమాధానం (తిరుపతి):
మైఎస్క్యూఎల్‌లో పట్టికను మార్చే ఆల్టర్ టేబుల్, కొత్తది సృష్టించే క్రియేట్ టేబుల్ వంటి ప్రతి ఆదేశమూ అప్పటిదాకా నడుస్తున్న ట్రాన్సాక్షన్‌ను (ఒకే మూటగా జరగాల్సిన మార్పులను) తనంతట తానే కమిట్ చేసేస్తుంది, అంటే ఖాయం చేసేస్తుంది కాబట్టి, మీరు రోల్‌బ్యాక్ ఇచ్చేసరికి వెనక్కి తేవడానికి ఏమీ మిగలలేదు. 8.0లో వచ్చిన అటామిక్ డీడీఎల్ (నిర్మాణం మార్చే ఆదేశం పూర్తిగా జరగడం, లేదా అసలు జరగకపోవడం) ఒక్కో ఆదేశానికే రక్షణ ఇస్తుంది, స్క్రిప్టు మొత్తానికి కాదు. ఒరాకిల్ డేటాబేస్‌ది కూడా ఇదే పద్ధతి కనుక అటు వెళ్లి ప్రయోజనం లేదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మాత్రం మార్పులన్నీ బిగిన్, కమిట్‌ల మధ్య పెడితే, ఒకటి తప్పినా పట్టికలన్నీ పాత రూపంలోనే ఉంటాయి. ఇండెక్సును (వెతుకులాటకు వాడే సూచికను) కాంకరెంట్లీ పద్ధతిలో, అంటే పట్టికలో రాతలు ఆపకుండా, కట్టడం దీనికి మినహాయింపు. దాన్ని ట్రాన్సాక్షన్ బయటే నడపాలి.

మరో సమాధానం:
పై మాట నిజమే గాని, పోస్ట్‌గ్రెస్‌లో నేను లాక్‌ల (ఒకరు వాడుతుండగా పట్టికకు పడే తాళాల) దగ్గర దెబ్బ తిన్నాను. ఎవరో తెరిచిన పెద్ద రిపోర్టు ముగిసేదాకా ఆల్టర్ ఆగుతుంది, దాని వెనుక వచ్చిన మామూలు సెలెక్టులు (డేటా చదివే ఆదేశాలు) కూడా ఆగుతాయి. అప్పుడు మీ కాటా దగ్గర చీటీ రాదు, ట్రాక్టరు కదలదు. అందుకని స్క్రిప్టు మొదటి వరుసలోనే లాక్ టైమ్‌అవుట్ 2 సెకన్లు పెట్టండి. ఆ లోపు లాక్ దొరక్కపోతే మార్పు విఫలమవుతుంది, కాసేపాగి మళ్లీ నడపవచ్చు. స్థిరమైన డిఫాల్ట్ విలువతో (ఏమీ ఇవ్వనప్పుడు పడే విలువతో) కాలమ్ చేర్చినా పట్టిక మొత్తం తిరగరాయకుండా ఉండటం 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచే మొదలైంది, కాబట్టి అంతకు పాతది ఎంచుకోకండి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సీజన్ నడుమ డేటాబేస్ మార్చే సాహసం చేయలేను. కాయ రావడం తగ్గాక పోస్ట్‌గ్రెస్‌కు వెళ్తాను. అందాకా ఏం చేయమంటారు?

తిరుపతి నుంచి:
ఒకే పట్టికకు చెందిన మార్పులన్నిటినీ కామాలతో ఒకే ఆల్టర్ ఆదేశంలో రాయండి. అలా రాస్తే అన్నీ జరుగుతాయి, లేదా ఒక్కటీ జరగదు. చివర అల్గారిథమ్ ఇన్‌స్టంట్ అని చేర్చితే, వెంటనే చేయలేని మార్పును అది పట్టిక కాపీ చేయకుండా తిరస్కరిస్తుంది. పాత కాలమ్‌ను మాత్రం ఇప్పుడే తీసేయకండి; కాటా గదిలోని కంప్యూటర్‌లో ఇంకా పాత ప్రోగ్రామే నడుస్తూ ఉండవచ్చు.