తవ్వకుండా షీటు పరిచి కూరగాయలు పెట్టాను, తుంగను ఎలా ఆపాలి?

మాది హనుమకొండ. ఇంటి వెనక గుంటెడు జాగా ఉంది, నల్లరేగడి. ఎండితే గడ్డపార కూడా దిగదు, తడిస్తే చెప్పులు వదలదు. నడుం నొప్పితో తవ్వడం నా వల్ల కాదు. అందుకే సగం జాగాలో గడ్డి కోసేసి, 25 మైక్రాన్ల మల్చింగ్ షీటు (కలుపు రాకుండా నేల మీద కప్పే ప్లాస్టిక్) వెండి రంగు పైకి ఉండేలా పరిచాను. ఖాళీ పాలపొడి డబ్బాను పొయ్యి మీద వేడి చేసి, దాంతో షీటుకు బొక్కలు పెట్టి (వాసన మాత్రం అడగకండి) వంకాయ, మిరప నారు నాటాను. నారు బాగానే తిప్పుకుంది. గరిక పత్తా లేదు. తుంగ మాత్రం సూదుల్లా షీటును పొడుచుకుని పైకొస్తోంది. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. మిగతా సగంలో అట్టపెట్టెలు, పైన వరిగడ్డి వేద్దామంటే చెదల టెన్షన్. నర్సరీల్లో పరిచే నేసిన నల్ల పట్టా తుంగను ఆపుతుందా? వాడినవాళ్లు చెప్పండి. బెండ గింజలు నేరుగా షీటు బొక్కల్లోనే పెట్టొచ్చా?