అప్‌డేట్: నాన్నకు వచ్చింది శుక్లం కాదు, నీటికాసులు

నాన్న నడుస్తుంటే పక్కనున్న కుర్చీలు తగులుతున్నాయి, శుక్లమేనా అని పోయిన నెల అడిగాను కదా. కాదండీ, నీటికాసులు, అంటే గ్లాకోమా. ఇక్కడే చెన్నైలో, వేళచ్చేరి దగ్గర చూపించాం. కంటి ఒత్తిడి 28 ఉంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుందట. నొప్పి కూడా లేకుండానే పక్కచూపు తగ్గిపోయింది. పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పగానే అమ్మ నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఉన్న చూపు నిలవాలంటే చుక్కలు ఒక్కరోజూ మానకూడదు. రాత్రి 9 గంటలకు నేనే వేస్తున్నాను. వేశాక నాన్న కళ్లు మూసుకుని, ముక్కు పక్కనున్న కంటి మూలను 2 నిమిషాలు నొక్కి పట్టుకుంటారు. నిన్న చూస్తే ఒత్తిడి 17కి దిగింది, టెన్షన్ కాస్త తగ్గింది. రక్తసంబంధీకులకూ రావచ్చన్నారని నేనూ మేనత్తా పరీక్ష చేయించుకున్నాం. ఫీల్డ్ టెస్టు, అంటే పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్ష, అడగమని చెప్పినవాళ్లకు చాలా థాంక్స్ అండీ.