మూడు వారాల కోడిపిల్లలు రక్తపు రెట్టలు వేసి చనిపోతున్నాయి, మిగిలినవాటిని ఎలా కాపాడుకోవాలి?

అందరికీ నమస్కారం. ఖమ్మం జిల్లాలోని మా ఊళ్లో పెరటి పెంపకం కోసం 100 వనరాజా పిల్లలను తెచ్చి, వరి ఊక పరిచిన గదిలో బల్బుల వేడి కింద పెంచుతున్నాను. 7వ రోజున లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్కలు, 14వ రోజున గంబోరో టీకా వేయించాను. 20 రోజుల వరకు ఒక్క పిల్ల కూడా నలతపడలేదు.

గత వారం ముసురు పట్టి, నీళ్ల డబ్బాల చుట్టూ ఊక తడిసి ముద్దకట్టింది. ఆ తర్వాత మూడు రోజుల్లోనే 19 పిల్లలు పోయాయి. రాత్రి మేత బాగా తిన్న పిల్ల తెల్లవారేసరికి రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూలన నిలబడుతోంది, సాయంత్రానికి ఒరిగిపోతోంది. చనిపోయిన ఒకదానిని కోసి చూస్తే పేగుల చివరనున్న రెండు గుడ్డిపేగులూ నల్లటి రక్తపు గడ్డలతో ఉబ్బి ఉన్నాయి. గురక గానీ మెడ వంకర గానీ లేవు కాబట్టి ఇది కొక్కెర తెగులు కాదనీ, కాక్సిడియోసిస్ (పేగుల్లో సూక్ష్మ పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు) అయి ఉంటుందనీ నా అనుమానం.

తడి ఊక మొత్తం ఎత్తివేసి పొడి ఊక పరిచాను, నిన్నటి నుంచి నీళ్లలో ఆ జబ్బుకు వాడే ఆంప్రోలియం మందు కలిపి ఇస్తున్నాను. పశువుల డాక్టరు గారు సోమవారం గానీ రారు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి: ఈ మందును ఎన్ని రోజులు కొనసాగించాలి? నీరసం తగ్గడానికి బి-కాంప్లెక్స్ కూడా ఇస్తే, అందులోని థయామిన్ (విటమిన్ బి1) వల్ల మందు పనిచేయకుండా పోతుందా? ఆరోగ్యంగా కనిపిస్తున్న పిల్లలను ఇప్పుడే వేరే గదికి మార్చడం మంచిదేనా?