65 విజయాలు, మొదటి రౌండ్‌లోనే ఓటమి: 2022–23 బోస్టన్ బ్రూయిన్స్ సీజన్‌ని ఫెయిల్యూర్ అనాలా?

మంచుగీత:
నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర మళ్లీ ఇదే గొడవ. "65 గెలిచి ఏం లాభం? ఐస్ హాకీ చరిత్రలో అంతకంటే పెద్ద ఫెయిల్యూర్ లేదు" అని ఒకాయన తేల్చేశాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

హాకీ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడుతుంది. గెలిస్తే 2 పాయింట్లు, ఓవర్‌టైంలోనో షూటౌట్‌లోనో ఓడితే 1. ఆ తర్వాత 16 జట్లతో ప్లేఆఫ్స్. ప్రతి రౌండూ ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందుగా నాలుగు గెలిచినవాళ్లు పైకి వెళ్తారు. అలా నాలుగు రౌండ్లు దాటితే స్టాన్లీ కప్. 2022–23లో బోస్టన్ 65 గెలిచి, 12 ఓడి, ఇంకో 5 ఓవర్‌టైంలోనో షూటౌట్‌లోనో పోగొట్టుకుని 135 పాయింట్లు తెచ్చుకుంది. విజయాల్లోనూ పాయింట్లలోనూ లీగ్ రికార్డు. అలాంటి జట్టు మొదటి రౌండ్‌లో ఫ్లోరిడా పాంథర్స్ మీద 3-1తో ముందుండి కూడా 4-3తో ఓడింది. ఆ ఫ్లోరిడా 92 పాయింట్లతో అంచుమీద ప్లేఆఫ్స్‌లోకి వచ్చిన జట్టు.

అయినా నేను ఫెయిల్యూర్ అనను. ఆ సీజన్ ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. కోచ్ బ్రూస్ క్యాసిడీని తీసేశారు. ముఖ్యమైన ఆటగాళ్లు మార్షాండ్, మెకావాయ్ ఇద్దరూ ఆపరేషన్లయి మొదటి మ్యాచ్‌లకు లేరు. కొత్త కోచ్ జిమ్ మాంట్‌గోమరీ మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవు. అలాంటిది సొంత మైదానంలో మొదటి 14 మ్యాచ్‌లూ వరుసగా గెలిచారు. జనవరి 2న ఫెన్‌వే పార్క్‌లో, బేస్‌బాల్ మైదానం మధ్యలో మంచు పరిచి ఆడిన మ్యాచ్‌లో మా డెబ్రస్క్ రెండు గోల్స్ కొట్టాడు. ఆ ఆటలో అతని కాలి ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. ఫిబ్రవరిలో వాంకూవర్‌లో గోల్‌కీపర్ ఉల్‌మార్క్ తన గోల్ దగ్గర నుంచే పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) పైకి లేపి అవతలి ఖాళీ గోల్‌లో వేశాడు. మా ఊళ్లో అయిదింటికే చీకటి పడే చలికాలంలో, పని నుంచి వచ్చి టీవీ పెడితే చాలు, మనసు తేలికయ్యేది. ఆరు నెలలు అలా గడిచాయి. రెండు వారాల్లో జరిగినదానికి ఆ ఆరు నెలల్ని ఎలా తుడిచేస్తాం?

కప్పుకావాలి:
మీ బాధ అర్థమైందండీ, కానీ ఒప్పుకోలేను. ఫెయిల్యూరా కాదా అన్నది మనం పెట్టే కొలతతో కాదు, ఆ జట్టు తనకు తాను పెట్టుకున్న కొలతతో చూడాలి. కెప్టెన్ బెర్జెరాన్ 37 ఏళ్ల వయసులో, క్రేచీ చెక్ దేశం నుంచి తిరిగొచ్చి, ఇద్దరూ ఒక్క ఏడాదికి తక్కువ జీతానికి సంతకం పెట్టారు. ఎందుకు? 82 మ్యాచ్‌ల పట్టికలో పైన ఉండటానికి కాదు. వాళ్ల బోనస్‌లలో 45 లక్షల డాలర్లు మరుసటి ఏడాది జీతాల పరిమితిలోంచి కోత పడతాయని తెలిసే యాజమాన్యం ఒప్పుకుంది. ఫిబ్రవరి, మార్చిల్లో వేరే జట్ల నుంచి ఓర్లోవ్, హాత్‌వే, బెర్టుజీలను తెచ్చుకోవడానికి 2023, 2024 రెండేళ్ల మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కొత్త కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే అవకాశాలు, ఇచ్చేశారు. రేపటి విత్తనాలు కూడా వండుకు తిన్నట్టు. అంతా ఆ ఏడాది కప్పు కోసమే. రాలేదు.

ఇంటర్‌లో స్టేట్ ర్యాంకు తెచ్చుకున్న పిల్లాడు ఎంసెట్‌లో సీటు తెచ్చుకోలేకపోతే, ఇంట్లో ఎవరూ ఆ పిల్లాణ్ణి తిట్టకపోవచ్చు. సీటు మాత్రం రానట్టే.

గోదారిగట్టు:
అన్నా, ఒక్క ముచ్చట. 2023 ప్రపంచకప్పుల మనోళ్లు వరుసగా 10 గెలిచి అహ్మదాబాద్‌ల ఫైనల్ ఓడిండ్రు. దాన్ని ఫెయిల్యూర్ అంటమా? నేనైతే అనలే. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలే, గంతే. హాకీ నాకు అంతగ తెల్వదు గని ఇది కూడ అసొంటిదే అనిపిస్తుంది.

కప్పుకావాలి:
తమ్ముడూ, అక్కడ ఒక్క రోజు. ఆ రోజు మనది కాదు, అయిపోయింది. ఇక్కడ 3-1తో ముందున్నారు. ఒక్కటి గెలిస్తే చాలు, మూడు అవకాశాలున్నాయి, వాటిలో రెండు సొంత మైదానంలోనే. మూడూ పోగొట్టుకున్నారు. అదీగాక మనవాళ్లు ఫైనల్ దాకా వెళ్లారు, వీళ్లు మొదటి మెట్టు మీదే పడిపోయారు. రెండూ ఒకటి కాదు.

లెక్కలమాస్టారు:
రికార్డు గురించి ఒక మాట. 135 పాయింట్లు అనగానే చరిత్రలో అత్యుత్తమ జట్టు అనేస్తున్నారు. పాత రికార్డు 1976–77 మాంట్రియల్ కెనేడియన్స్‌ది, 132. అయితే వాళ్లు ఆడింది 80 మ్యాచ్‌లే. 60 గెలిచి, 8 ఓడి, 12 డ్రా చేసుకున్నారు. అప్పట్లో షూటౌట్ లేదు, ఓడినవాడికి ఒక పాయింటు ఇచ్చే పద్ధతీ లేదు. రావాల్సిన పాయింట్లలో వచ్చినవెన్ని అని చూస్తే మాంట్రియల్‌ది 82.5 శాతం, బోస్టన్‌ది 82.3. పైగా మాంట్రియల్ ఆ ఏడాది కప్పు కూడా గెలిచింది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ లెక్కలో అందరికంటే పైనున్నది బోస్టన్ జట్టే, కానీ 1929–30 నాటిది. 44 మ్యాచ్‌ల్లో 38 గెలిచింది, 87.5 శాతం. అది కూడా ఫైనల్లో మాంట్రియల్ చేతిలో ఓడింది. ఈ ఊరికి ఈ దెబ్బ కొత్త కాదు.

గోల్‌వెనకసీటు:
ఫెయిల్యూరా కాదా అని కొట్టుకుంటున్నారు గానీ, ఏది ఫెయిల్ అయిందో ఎవరూ చూడటం లేదు. నా మాట ఇదీ: సీజన్ ఫెయిల్ కాలేదు. సీజన్‌ని నిలబెట్టిన పద్ధతిని ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి వాళ్లే వదిలేశారు. అక్కడ ఫెయిలయ్యారు.

ఆ జట్టు ప్రాణం ఇద్దరు గోల్‌కీపర్లలో ఉంది. ఉల్‌మార్క్ 40 గెలిచి 6 మాత్రమే ఓడాడు. వచ్చిన ప్రతి వంద షాట్లలో దాదాపు 94 ఆపాడు. ఆ ఏడాది ఉత్తమ గోల్‌కీపర్‌కి ఇచ్చే వెజినా ట్రోఫీ అతనిదే. స్వేమన్ 24 గెలిచాడు. మ్యాచ్‌లు పంచుకుని ఆడారు, ఒకడి ఒళ్లు అలిసేలోపు రెండోవాడు దిగేవాడు. గెలిచిన ప్రతిసారీ హెల్మెట్లతోనే ఒకర్నొకరు గట్టిగా వాటేసుకునేవాళ్లు. ఆ దృశ్యం కోసమే మ్యాచ్ అయిపోయినా కుర్చీల్లోంచి లేవని జనాన్ని చూశాను. మా అమ్మాయి కూడా అంతే. చేతిలో పాప్‌కార్న్ డబ్బా అయిపోయినా సరే, "కౌగిలి అయ్యాక వెళ్దాం నాన్నా" అనేది.

ప్లేఆఫ్స్ మొదలయ్యాయి. మొదటి ఆరు మ్యాచ్‌లకూ ఉల్‌మార్క్‌నే దింపారు. ఒంట్లో గాయంతోనే ఆడుతున్నాడని వార్తలు కూడా వచ్చాయి. అయిదో మ్యాచ్ ఓవర్‌టైంలో అతను గోల్ వెనక్కి వెళ్లి పక్‌ని బయటికి పంపబోయాడు. అది సరిగ్గా పోలేదు, ఫ్లోరిడా ఆటగాడు కచక్ గోల్ కొట్టేశాడు. ఫ్లోరిడా 4-3. అక్కడే స్వేమన్‌కి ఆరో మ్యాచ్ ఇచ్చి ఉంటే? ఇవ్వలేదు. ఆరో మ్యాచ్‌లో మూడో పీరియడ్‌లో, అంటే ఆటలో ఆఖరి భాగంలో, 5-4తో ముందుండి 7-5తో ఓడారు. అప్పుడు, రెండు వారాలుగా ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టని కుర్రాణ్ణి తీసుకొచ్చి నేరుగా ఏడో మ్యాచ్‌లో నిలబెట్టారు. స్వేమన్‌ని నేను తప్పు పట్టను, బాగానే ఆడాడు. కానీ ఆరు నెలలు ఇద్దర్నీ నమ్మి, నమ్మాల్సిన రెండు వారాల్లో ఒక్కణ్ణే పట్టుకుని వేలాడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకోటి. మూడో మ్యాచ్, నాలుగో మ్యాచ్ ఫ్లోరిడాలో గెలిచారు గదా, అప్పుడు బెర్జెరాన్ లేడు, క్రేచీ లేడు. సీజన్ ఆఖరి మ్యాచ్‌లో, అదీ అన్నీ సాధించేశాక మాంట్రియల్‌లో ఆడిన మ్యాచ్‌లో, బెర్జెరాన్‌కి వెన్ను దెబ్బతింది. ఆ రోజు ఆయన్ని ఆడించాల్సిన అవసరం ఉందా అన్నది వేరే బాధ. అయిదో మ్యాచ్‌కి ఆయన తిరిగొచ్చాడు. దాంతో గెలుస్తున్న లైన్లు మళ్లీ మారిపోయాయి. హాకీలో ఫార్వర్డ్‌లు ముగ్గురు ముగ్గురుగా ఒక్కో లైన్‌గా మంచు మీదికి దిగుతారు, నిమిషం కూడా గడవకముందే మారిపోతారు. ఆ ముగ్గురికీ పక్‌ని చూడకుండానే ఎవరు ఎక్కడుంటారో తెలిసుండాలి. సిరీస్ మధ్యలో దాన్ని కదిలించారు.

మయామీతెలుగు:
నేను ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర ఉంటానండీ, పాంథర్స్ మనిషిని. ఇంతసేపు చదివాను. అందరూ బోస్టన్ ఎలా ఓడింది అనే రాస్తున్నారు. ఫ్లోరిడా గెలిచింది అని ఒక్కరూ రాయలేదు!

92 పాయింట్ల జట్టు అంటున్నారు. అంతకు ముందు ఏడాది 122 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానం మాదే. ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్‌లో పక్కూరి టాంపా జట్టు చేతిలో 4-0తో ఓడాం. ఈ నొప్పి మాకు ముందే తెలుసు. అందుకే హ్యూబర్డో, వీగర్‌లను ఇచ్చి కచక్‌ని తెచ్చుకున్నారు. 82 మ్యాచ్‌ల కోసం కట్టిన జట్టుని ఏప్రిల్, మే, జూన్ కోసం మార్చుకున్నారు. దానివల్ల ఆ శీతాకాలం మాకు కష్టంగానే గడిచింది. ఇంకోటి, ఆ సీజన్‌లో మేము బోస్టన్‌తో నాలుగుసార్లు ఆడి రెండు గెలిచాం. మిగతా లీగంతా వాళ్ల ముందు నిలవలేకపోయింది గానీ మాకు భయం లేదు.

మమ్మల్ని కాళ్ల కింద రాయిలా చూడొద్దు. ఆ జట్టు అదే ఏడాది ఫైనల్‌కి వెళ్లింది, 2024లో, 2025లో కప్పు గెలిచింది.

మంచుగీత:
మయామీతెలుగు గారూ, ఆ మాట మీరు అనాల్సి రావడం మా తప్పే. క్షమించండి. నాలుగింటిలో రెండు ఓడామన్నది నేను నిజంగా మర్చిపోయాను. జనవరి చివర్లో మీ చేతిలో ఓవర్‌టైంలో ఓడిన మ్యాచ్ చూశాను కూడా.

గోల్‌వెనకసీటు గారి మాటకి నేను సగం వంగుతున్నా. ఉల్‌మార్క్ విషయంలో మీరన్నది నిజం. కానీ వెజినా గెలిచే గోల్‌కీపర్ ఉండగా, 3-1తో ముందుండగా, అతన్ని పక్కన పెట్టే కోచ్ ఎవరుంటారు? పెట్టి ఓడి ఉంటే ఇదే చోట మాంట్‌గోమరీని ఏమని ఉండేవాళ్లం? ఆ ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు ఆయనకే వచ్చింది.

గోల్‌వెనకసీటు:
ఓడి ఉంటే కనీసం ఆరు నెలలు నమ్మిన దారిలోనే ఓడామని అనుకునేవాణ్ణి. నాకు ఆ తేడా చాలా పెద్దది. క్యాసిడీని తీసేశారని మీరే అన్నారు గదా, ఆయన వెళ్లి వేగస్‌లో చేరి అదే ఏడాది కప్పు ఎత్తాడు. అవసరమైనప్పుడల్లా గోల్‌కీపర్లని మార్చుకుంటూ, ప్లేఆఫ్స్ మధ్యలో గాయం వస్తే వెనకున్న హిల్‌ని దింపి. మాంట్‌గోమరీని తిట్టడానికి రాయడం లేదు. ఇద్దరు ఉన్నప్పుడు ఇద్దర్నీ వాడుకోవాలి, అంతే.

కప్పుకావాలి:
తర్వాత జరిగింది కూడా రాయండి. జులైలో బెర్జెరాన్ రిటైరయ్యాడు. ఆగస్టులో క్రేచీ. బెర్టుజీ, ఓర్లోవ్, హాత్‌వే ముగ్గురూ వేసవిలో వెళ్లిపోయారు. వాళ్ల కోసం ఇచ్చిన 2024 పిక్ చేతులు మారి మారి మళ్లీ బోస్టన్‌కి వచ్చింది, ఎలాగో తెలుసా? ఉల్‌మార్క్‌ని ఒట్టావాకి ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. ఆ కౌగిళ్ల జంట అలా విడిపోయింది. 2024 నవంబరులో మాంట్‌గోమరీనీ తీసేశారు. 2025లో ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. నేను ఫెయిల్యూర్ అనేది ఇందుకే. అది ఆఖరి అవకాశమని అందరికీ తెలుసు.

గోదారిగట్టు:
అన్నా మీరు చెప్తుంటే నాకు ఏడో మ్యాచ్ చూడాలనిపిస్తుంది. అక్కడున్నోళ్లు ఎవరన్న ఉన్నరా?

మంచుగీత:
నేనున్నా తమ్ముడూ. 2023 ఏప్రిల్ 30, బోస్టన్ సొంత మైదానం టీడీ గార్డెన్, పై బాల్కనీ. మొదట 2-0 వెనకబడ్డాం. క్రేచీ ఒకటి, బెర్టుజీ ఒకటి, మూడో పీరియడ్‌లో పాస్ట్రనాక్ ఒకటి. 3-2. నా పక్క సీట్లో ఒక ముసలాయన, తొడుక్కున్న జెర్సీ రంగు వెలిసిపోయింది. ఆఖరి రెండు నిమిషాలు నా మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఎవరో ఏమిటో తెలియకుండానే. ఆట ముగుస్తుందనగా ఫ్లోరిడా వాళ్లు గోల్‌కీపర్‌ని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపారు. 59 సెకన్లు మిగిలుండగా మాంటూర్ కొట్టాడు. ముసలాయన నా చెయ్యి వదిలేశాడు. ఓవర్‌టైంలో ఎనిమిదిన్నర నిమిషాలకి వర్హేగీ. అంతమంది ఉన్న చోట మంచు మీద ఫ్లోరిడా కుర్రాళ్ల అరుపులు పైదాకా స్పష్టంగా వినిపించాయి. బెర్జెరాన్ తన వాళ్లందర్నీ ఒక్కొక్కరిగా దగ్గరికి తీసుకున్నాడు. ఆయన ఆఖరి మ్యాచ్ అదేనని మాకెవరికీ ఎవరూ చెప్పలేదు, కానీ జనం కదల్లేదు.

ఇంటికి వెళ్లే రైల్లో నాకు ఏడో మ్యాచ్ కాదు, అయిదో మ్యాచే తిరుగుతూ ఉంది. 3-3 ఉండగా మామూలు సమయం అయిపోవడానికి క్షణాలు మాత్రమే మిగిలినప్పుడు మార్షాండ్ ఒక్కడే దూసుకెళ్లాడు. ఎదురుగా ఫ్లోరిడా గోల్‌కీపర్ బొబ్రోవ్‌స్కీ ఒక్కడు. కాలు చాపి ఆపాడు. అది లోపలికి పోయుంటే సిరీస్ అక్కడే అయిపోయేది, ఉల్‌మార్క్ తప్పు జరిగేదే కాదు, ఈ చర్చే ఉండేది కాదు. 2025 మార్చిలో మార్షాండ్‌ని ఫ్లోరిడాకే ఇచ్చేశారు. జూన్‌లో అతను వాళ్ల జెర్సీలో కప్పు ఎత్తుతుంటే టీవీలో చూశాను. గోల్‌లో అదే బొబ్రోవ్‌స్కీ.

మయామీతెలుగు:
మీ మార్షాండ్‌కి ఆ రోజు ఇక్కడ లేచి చప్పట్లు కొట్టాం అక్కా. మీకు చెప్పాలనిపించింది.